ఓవాప్రిమ్ 10 మి.లీ. సీసా: హేచరీ నడిపే మనిషి రాసిన రివ్యూ

ఓవాప్రిమ్ అంటే చెరువు చేపల చేత గుడ్లు పెట్టించే హార్మోన్ సూది మందు. ముందే చెప్పేస్తాను, కొనొచ్చు. శీలావతికి, ఎర్రమోసుకి అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు. బొచ్చెకి కాస్త ఆలోచించి కొనండి. తల్లి చేపల్ని ఏడాదంతా గాలికొదిలేసి, సీజన్‌లో సీసా ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళు మాత్రం ఆ డబ్బుతో తవుడూ వేరుశనగ చెక్కా కొనుక్కోవడం మేలు.

మాది కైకలూరు, ముదినేపల్లి మధ్యలో చిన్న కార్ప్ హేచరీ, అంటే శీలావతి, బొచ్చె లాంటి కార్ప్ జాతి చేపల పిల్లని పుట్టించి అమ్మే చోటు. నాన్న పెట్టారు, ఇప్పుడు నేనూ మా బాబాయీ చూసుకుంటున్నాం. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఆ చదువుకీ ఈ బురదకీ సంబంధం లేదని మా బంధువుల్లో సగం మంది అభిప్రాయం. నిజానికి నా చదువంతా ఈ సీసాలోనే ఉంది. అందుకే ఈ రివ్యూ కొంచెం పొడుగవుతుంది. దీని వెనక ఎవరి డబ్బు ఉంది, ఎన్నేళ్ళ పని ఉంది అన్నది కూడా చెప్పకపోతే, ధర ఎక్కువా తక్కువా అన్న మాటకి అర్థం లేదు.

అసలు దీని అవసరం ఎందుకంటే, మన చెరువుల్లో శీలావతికి పొట్ట నిండా గుడ్డు తయారవుతుంది గానీ అది తనంతట తాను పెట్టదు. ఇవి నది చేపలు. వానలు పడి, కొత్త నీరు ఎరుపెక్కి గట్లు దాటి పారుతుంటే అప్పుడు గుడ్డు పెడతాయి. చెరువులో ఆ వరద రాదు. రోజులు పొడుగవుతాయి, నీళ్ళు వేడెక్కుతాయి, మేత అందుతుంది, గుడ్డు ముదురుతుంది. అక్కడితో ఆగిపోతుంది. సీజన్ దాటితే ఆ గుడ్డు లోపలే కరిగిపోతుంది. కిలో బరువుకి రెండు లక్షలకు పైనే గుడ్లు పెట్టే చేప, ఒక్కటీ పెట్టకుండా ఏడాది వెళ్ళిపోతుంది.

లోపం చేప పొట్టలో లేదు, మెదడు నుంచి రావాల్సిన కబురులో ఉంది. మెదడు అడుగున హైపోథలామస్ అనే చోట జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ తయారవుతుంది. అది పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరితే, పిట్యూటరీ ఇంకో హార్మోన్‌ని రక్తంలోకి వదులుతుంది. అది అండాశయానికి చేరితే గుడ్డు విడుదలవుతుంది. ఇంతవరకూ మనుషులకీ చేపలకీ వ్యవహారం ఒకటే. కార్ప్ జాతి చేపల్లో మాత్రం ఇంకో మెలిక ఉంది. అదే మెదడు డోపమైన్‌ని పంపి పిట్యూటరీని గట్టిగా అణిచిపెడుతుంది. ఉత్త జీఎన్‌ఆర్‌హెచ్ ఎంత ఎక్కించినా, బ్రేకు తొక్కిపెట్టి యాక్సిలరేటర్ తిప్పినట్టే ఉంటుంది.

ఓవాప్రిమ్ ఈ రెండు పనులూ ఒకే సూదిలో చేస్తుంది. ఒక్కో మిల్లీలీటరులో 20 మైక్రోగ్రాముల సాల్మన్ చేప జీఎన్‌ఆర్‌హెచ్ నకలు, 10 మిల్లీగ్రాముల డోమ్‌పెరిడోన్ ఉంటాయి. మొదటిది పిట్యూటరీని తట్టి లేపుతుంది. రెండోది డోపమైన్‌ని అడ్డుకుంటుంది. డోమ్‌పెరిడోన్ అంటే కొత్తగా వినిపించొచ్చు గానీ, మన ఇళ్ళలో వాంతులకి వేసుకునే మాత్రలో ఉండేది అదే. మా అత్తయ్య హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. రెండు కిలోల శీలావతికి మనం ఇచ్చే మోతాదులో ఉండేది 8 మిల్లీగ్రాములు, అంటే ఒక మాత్ర కంటే తక్కువ.

ఇక వాడకం. తల్లి చేపల్ని ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. ఆడదాని పొట్ట ఉబ్బి మెత్తగా ఉండాలి, గుడ్డు వచ్చే రంధ్రం కాస్త వాచి గులాబీ రంగులో ఉండాలి. మగదాని ముందు రెక్క లోపలివైపు వేలు పెట్టి రుద్దితే గరుగ్గా తగలాలి, పొట్ట మీద కొద్దిగా నొక్కితే పాలు (వీర్యం) కారాలి. మా మేస్త్రికి ఇది చదువు లేకుండానే వచ్చు. చేపని తడి గుడ్డలో పట్టుకుని పొట్ట కింద అరచెయ్యి ఆన్చి, ‘దీనికి ఇంకో నాల్రోజులు టైమివ్వాలండి అమ్మాయిగారూ’ అంటాడు. ఆయన వద్దన్న చేపకి నేను సూది వెయ్యను. అంత ఖరీదు పెట్టి కొన్న మందు, ముదరని గుడ్డు మీద ఏమీ చెయ్యలేదు.

మోతాదు విషయానికొస్తే, మేం ఆడ శీలావతికి కిలోకి 0.35 నుంచి 0.4 మిల్లీలీటర్ల దాకా, బొచ్చెకి 0.4 నుంచి 0.5 దాకా, ఎర్రమోసుకి 0.25 నుంచి 0.3 దాకా వేస్తాం. మగవాటికి 0.1 నుంచి 0.2 చాలు. లెక్క వేసుకోండి. పది కిలోల ఆడ శీలావతులకి 4 మిల్లీలీటర్లు, వాటికి జోడీగా పది కిలోల మగవాటికి ఒకటిన్నర. అంటే ఒక సీసాతో దాదాపు పద్దెనిమిది కిలోల ఆడవాటినీ, అంతే బరువు మగవాటినీ పూర్తి చేయొచ్చు. స్పాన్ (అప్పుడే పుట్టిన చేపపిల్ల) రేటుతో పోల్చుకుంటే మందు ఖర్చు పెద్దదేమీ కాదు. కరెంటు పోయిన రాత్రి జనరేటరుకి పోసే డీజిల్ గురించి ఏడవండి, దీని గురించి వద్దు.

ఈ మందు చిక్కగా ఉంటుంది. సన్న సూదితో లాగితే సిరంజిలోకి నిదానంగా ఎక్కుతుంది, తొందరపడితే బుడగలు వస్తాయి. బుడగతో వేస్తే మోతాదు తప్పుతుంది. అందుకని సీసాని తలకిందులు చేసి, సూది మొన ద్రవంలో మునిగి ఉండేట్టు పట్టుకుని, నెమ్మదిగా లాగాలి. చేపకి వేసేటప్పుడు వీపు రెక్కకి కిందుగా, పక్క గీతకి పైన, ఒక పొలుసు కింద నుంచి వాలుగా దించాలి. పొలుసు మీద గుచ్చితే సూది వంగుతుంది. మందు నెట్టాక వెంటనే లాగెయ్యకూడదు. ఒక్క క్షణం ఆగి సూది తీసి, ఆ చోట బొటనవేలితో రుద్దాలి. లేకపోతే చిక్కటి మందు వెనక్కి కారి, మన కళ్ళముందే నీళ్ళలో కలిసిపోతుంది. కొత్త కుర్రాళ్ళ దగ్గర సగం మందు పోయేది ఇక్కడే.

సాయంత్రం చల్లబడ్డాక సూదులు వేసి గుండ్రటి తొట్టిలో వదిలి, నీళ్ళు తిరిగేట్టు పంపు పెడతాం. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది డిగ్రీల నీళ్ళలో ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో పని అవుతుంది. తెల్లవారుజామున మగవి ఆడవాటిని తరమడం మొదలుపెడితే తొట్టిలో చప్పుడు షెడ్డు బయటికి వినిపిస్తుంది. కాసేపటికి గుడ్లు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. ఇంకొన్ని గంటలకి తెల్లగా, మసకగా మారినవి చచ్చినవి, గాజులా నిలిచినవి బతికినవి. ఆ రోజు ఎవరికి ఎన్ని లక్షల స్పాన్ ఇస్తానని ఫోన్‌లో చెప్పేది ఆ తెల్ల గుడ్లు లెక్క చూసుకున్నాకే.

ఇప్పుడు పాత పద్ధతితో పోలిక. మా నాన్న కాలంలో వాడింది పిట్యూటరీ గ్రంథి, మా దగ్గర అందరూ ‘గ్లాండ్’ అనేవాళ్ళు. ముదిరిన చేప తల కోసి, పుర్రె మూత తీసి, మెదడు పైకెత్తితే, దాని కింద గుంటలో తెల్లగా చిన్న పలుకు ఉంటుంది. దాన్ని చితక్కుండా తీసి, ఆల్కహాల్‌లో దాచి, వాడే రోజు ఆరబెట్టి, తూచి, నూరి, నీళ్ళలో కలిపి, తేటని సిరంజిలోకి ఎక్కించాలి. మన కొల్లేరు చేప మంచు పెట్టెల్లో తలతో సహా కలకత్తా వెళ్ళిపోతుంది. తల నరికేది హౌరా మార్కెట్లో. కాబట్టి మన చేప గ్లాండు అక్కడ తీసి, చిన్న సీసాల్లో మళ్ళీ మనకే అమ్మేవాళ్ళు.

గ్లాండ్ చవక, నిజమే. కానీ ఆడదానికి రెండు సూదులు. మొదట కిలోకి 2, 3 మిల్లీగ్రాములు, ఆరు గంటలు ఆగి మళ్ళీ 5 నుంచి 8. అంటే ఒకే రాత్రి చేపని రెండుసార్లు పట్టాలి. పట్టినప్పుడల్లా పొలుసులు రాలతాయి, చేప అలిసిపోతుంది, కొన్ని మర్నాటికి చస్తాయి. పైగా ఏ గ్లాండు ఎలాంటి చేపదో, ఏ నెలలో తీశారో తెలియదు. ఒక బ్యాచ్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఇంకోటి ఉత్త నీళ్ళు. ఆ రోజుల్లో నాన్నకి జూన్ నెలంతా టెన్షనే. ఇప్పటికీ మా చుట్టుపక్కల ఒకరిద్దరు పెద్దవాళ్ళు బొచ్చెకి గ్లాండే మేలంటారు. వాళ్ళతో నేను వాదించను, వాళ్ళ చేతిలో పని ఉంది. కానీ కొత్తగా హేచరీ పెట్టేవాళ్ళకి గ్లాండ్ దారి చూపించను.

గ్లాండ్‌ని తక్కువ చేసి మాట్లాడడం మాత్రం నాకు ఇష్టం లేదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గ్లాండ్ సూదితో మన కార్పుల చేత గుడ్లు పెట్టించకపోయి ఉంటే ఈ హేచరీలేవీ లేవు. అంతకుముందు 1930లలోనే బ్రెజిల్‌లో వాళ్ళ నది చేపల మీద ఈ పద్ధతి నడిచింది. మన చేపల మీద దాన్ని సాధించింది కటక్‌లో కేంద్ర మత్స్య పరిశోధనా కేంద్రంలో ప్రభుత్వ జీతం తీసుకునే ఒక ఉద్యోగి. ఆ రోజునే మనం జాతీయ మత్స్యరైతుల దినోత్సవంగా జరుపుకుంటాం. అంతకుముందు మనవాళ్ళు బెంగాల్ నదుల్లో వలవేసి పట్టిన చేపపిల్లని కుండల్లో, రైళ్ళలో తెప్పించుకునేవాళ్ళు. ఏ చేప పిల్లో పెద్దయ్యాక గానీ తెలిసేది కాదట.

సరే, సీసా ధర దగ్గరికి వద్దాం. సీజన్‌ని బట్టి, దుకాణాన్ని బట్టి మారుతుంది కాబట్టి అంకె రాయను. ‘పది మిల్లీలకి ఇంతా!’ అని బాబాయి ప్రతి ఏప్రిల్‌లో అంటాడు. ఆయనకి నేను చెప్పే లెక్క ఇది.

మెదడు హార్మోన్లతో పిట్యూటరీని నడుపుతుందని 1950లలో అనుకునేవాళ్ళు చాలా తక్కువ. దాన్ని రుజువు చేయాలంటే ఆ హార్మోన్‌ని విడదీసి చూపించాలి. అది ఉండేది కంటికి ఆనని పాళ్ళలో. న్యూ ఆర్లీన్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఆండ్రూ షాలీ పందుల మెదళ్ళు, హ్యూస్టన్‌లోనూ తర్వాత కాలిఫోర్నియా సాల్క్ సంస్థలోనూ రోజే గీమా గొర్రెల మెదళ్ళు, లక్షల కొద్దీ తెప్పించి నూరారు. ఇద్దరూ ఒకప్పుడు కలిసి పనిచేసినవాళ్ళే, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూడనంత పోటీ. ఏళ్ళు గడిచాయి, కోట్లు ఖర్చయ్యాయి, చేతిలో ఏమీ లేదు. 1969 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో సమావేశం పెట్టేనాటికి, డబ్బిస్తున్న అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌కి ఓపిక అయిపోవచ్చింది. ఇక ఆపేద్దామా అన్న మాట నడుస్తోంది. ఆ సమావేశంలోనే గీమా బృందం మొదటి హార్మోన్ ఆనవాళ్ళు చూపించగలిగింది. ఆ ఏడాదే దాని నిర్మాణం తేలింది. 1971లో షాలీ బృందం మన కథలోని జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణం చెప్పింది, పది అమైనో ఆమ్లాల గొలుసు అని. అందుకు లక్షన్నరకు పైగా పందుల హైపోథలామస్‌లు కావలసి వచ్చాయి, చివరికి దొరికింది గ్రాములో వెయ్యో వంతు కూడా లేదు. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

టూసాన్‌లో ఆ కమిటీ డబ్బు ఆపేసి ఉంటే ఏమయ్యేది? ఎప్పటికో ఇంకెవరో కనుక్కునేవాళ్ళు. మా నాన్న మాత్రం ఇంకో పదిహేనేళ్ళు గ్లాండు నూరుతూ ఉండేవారు.

అది క్షీరదాల హార్మోన్. చేపల మెదడులో ఉండేది కాస్త వేరు. సాల్మన్ మెదడు నుంచి దాన్ని తీసి నిర్మాణం చెప్పింది నాన్సీ షెర్వుడ్, సాల్క్ సంస్థవాళ్ళతో కలిసి, 1983లో. అందులో ఆరో అమైనో ఆమ్లాన్ని మార్చి, తోక కత్తిరించి, ఒంట్లో తొందరగా విరిగిపోకుండా చేసిన నకలే మన సీసాలోది. మరి డోపమైన్ సంగతి? అది కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ పీటర్ బృందం గోల్డ్‌ఫిష్ మీద చేసిన పని. ఆ ఊళ్ళో చలికాలం చెరువులు గడ్డకడతాయి. అక్కడ శీలావతి పెంచే రైతు ఒక్కడు లేడు. గోల్డ్‌ఫిష్ మెదడులో డోపమైన్ ఏం చేస్తుందో చూస్తాను, డబ్బివ్వండి అని ఒక మాస్టారు అర్జీ పెడితే, దీనివల్ల ఎవరికి లాభం అని అడిగే అధికారి ఎంత తేలిగ్గా కొట్టిపారేసేవాడో ఊహించుకోండి. గోల్డ్‌ఫిషూ శీలావతీ ఒకే కుటుంబం. అక్కడ దొరికింది ఇక్కడ పనికొచ్చింది.

ఆ ల్యాబు పనిని చెరువు గట్టు మీదకి తెచ్చింది ఇంకో డబ్బు. కెనడా ప్రభుత్వం 1970లో ఐడీఆర్‌సీ అని ఒక సంస్థ పెట్టింది, పేద దేశాలకి పనికొచ్చే పరిశోధనకి నిధులివ్వడానికి. దాని సాయంతో పీటర్, చైనాలో గ్వాంగ్‌జౌ జోంగ్‌షాన్ విశ్వవిద్యాలయంలోని లిన్ హావోరాన్ కలిసి చైనా కార్పుల మీద హార్మోన్ నకలూ డోపమైన్‌ని ఆపే మందూ కలిపి చూశారు. పని చేసింది. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని లిన్పే పద్ధతి అంటారు. వాంకూవర్‌లోని సిండెల్ అనే కంపెనీ దాన్ని సీసాలో పోసి ఓవాప్రిమ్ అని అమ్మింది. మన దేశంలో మంగళూరు ఫిషరీస్ కాలేజీలో డాక్టర్ ఎం.సి. నందీశ బృందం మన కార్పుల మీద ఒక్క సూదితో చేసిన ట్రయల్స్ ఫలితాలు 1990లో వచ్చాయి. నాలుగు దేశాల్లో పన్ను కట్టేవాళ్ళ డబ్బు ఈ పది మిల్లీలలో ఉంది. అందుకే బాబాయి ధర గురించి మొదలుపెట్టినప్పుడు నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోతాను.

ఇంకో ముక్క. ఇదే హార్మోన్ కుటుంబం నుంచి వచ్చిన ల్యూప్రోలైడ్‌ని ఐవీఎఫ్ చికిత్సలో, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో మనుషులకి ఇస్తారు. మా అత్తయ్య కూతురికి ఆ సూదులు వేసినప్పుడు, మందు పేరు చూసి ఇది మా చేపల మందుకి అక్క అవుతుంది అన్నాను. తను కాసేపు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నచ్చనివి. మొదటిది, బొచ్చె. ఏ సీసాకైనా అది మొండిదే. పక్వానికి వచ్చే కాలం చిన్నది, వాతావరణం కొంచెం తేడా వచ్చినా వెనక్కి తగ్గుతుంది. సీసా మీద రాసిన మోతాదు వేశాం కాబట్టి గుడ్డు పెట్టాల్సిందే అనుకుంటే కుదరదు. ఒక వాన పడి, నీళ్ళు చల్లబడి, మళ్ళీ మబ్బు పట్టిన రోజు చూసి వేస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఇందులో మందు తప్పు ఉందనను. బొచ్చె మెదడులో అదనంగా ఏం జరుగుతోందో చూసేవాళ్ళు కావాలి.

రెండోది, నకిలీ భయం. ఒక దుకాణంలో, పేరు వద్దు, సీజన్ నడిమధ్యలో అర్జెంటుగా కొన్న సీసాకి అల్యూమినియం మూత కింద రబ్బరు మీద అప్పటికే సూది గుచ్చిన చుక్క కనిపించింది. మందు కూడా పలచగా కదిలింది. వెనక్కి తీసుకెళ్తే, ‘కంపెనీ సరుకే కదా మేడమ్, మీ చేపలు ముదరలేదేమో’ అన్నాడు. బిల్లు అడిగితే రేపు రమ్మన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. మీరు కొనేటప్పుడు రబ్బరు మూత వెలుతురులో పెట్టి చూడండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ సీసా మీదా డబ్బా మీదా ఒకటే ఉండాలి.

మూడోది సీసా తప్పు కాదు, మనది. పని ఇంత తేలికయ్యేసరికి, అవే తల్లి చేపల్నీ వాటి పిల్లల్నీ మళ్ళీ మళ్ళీ వాడే అలవాటు హేచరీలకి పట్టింది. అక్కాతమ్ముళ్ళని కలిపితే పిల్ల ఎదగదు, రైతు మేత బస్తాలు పోసి చివర్లో మనల్ని తిడతాడు. ఇందుకు మందు ఏ సీసాలోనూ లేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న మంచినీటి చేపల పరిశోధనా సంస్థ సీఫా, నార్వే వాళ్ళతో కలిసి తరాల తరబడి ఏరి పెంచిన జయంతి రోహు (మేలురకం శీలావతి) 1997 నుంచీ ఉంది. రెండు మూడేళ్ళకోసారి కొత్త తల్లి చేపల్ని తెచ్చుకోండి. ఆ జయంతి కూడా నార్వే ప్రభుత్వ నిధి, మన ప్రభుత్వ నిధి కలిస్తే వచ్చిందే.

పోటీ మందుల సంగతి క్లుప్తంగా. ఓవటైడ్, వోవా-ఎఫ్‌హెచ్ రెండూ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. ఓవటైడ్ పలచగా ఉండి సిరంజిలోకి హాయిగా ఎక్కుతుంది, కొత్తవాళ్ళ చేతికి అదే సులువు. శీలావతిలో ఫలితం తేడా నాకు పెద్దగా కనిపించలేదు. దొరికినది, సీలు సరిగ్గా ఉన్నది కొనండి.

చేప కొనేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఇంజెక్షన్ చేపలంట కదా, తినొచ్చా?’ సూది వేసేది తల్లికి, అదీ హార్మోన్ మైక్రోగ్రాముల్లో, డోమ్‌పెరిడోన్ కొన్ని మిల్లీగ్రాముల్లో. మీ కూరలోకి వచ్చేది ఆ గుడ్డు నుంచి పుట్టి, ఏడాది పైన చెరువులో పెరిగిన చేప. సూది వేసిన తల్లి చేపని మేం తినడానికి అమ్మం.

సీసా బాగుంది కాబట్టే లేని సీసాల మీద నాకు కోపం. మా చిన్నాన్న కొడుకు కాకినాడ వైపు రొయ్యల హేచరీలో పనిచేస్తాడు. అక్కడ తల్లి రొయ్య గుడ్డు పెట్టాలంటే ఒక కంటి కాడ నొక్కేస్తారు, లేదా కాల్చేస్తారు. గుడ్డుని ఆపే హార్మోన్ రొయ్యకి కంటి కాడలోనే ఉంటుంది మరి. కంటి జోలికి పోకుండా దాన్ని అడ్డుకునే మందు చవకగా వచ్చి ఉంటే ఈ పని ఎవరు చేస్తారు? వేల కోట్ల ఎగుమతి వ్యాపారం ఒక రొయ్య కన్ను కొయ్యడం మీద నడుస్తోంది. పులస సంగతి సరేసరి. గోదావరి ఎదురెక్కి వచ్చేదాకా ఎదురుచూడడం, వేలం పాడడం తప్ప, మన హేచరీ తొట్టిలో పులస గుడ్డు పెట్టడం మామూలు వ్యవహారం కాలేదు.

2020లో కేంద్రం మత్స్య సంపద యోజన అని 20,050 కోట్లతో పథకం ప్రకటించింది. మాకూ దాని కాగితాలు వచ్చాయి. చెరువు తవ్వకం, ఐస్ ప్లాంటు, ఇన్సులేటెడ్ వ్యాను, అన్నిటికీ సబ్సిడీ వివరాలున్నాయి. మంచిదే, వ్యాను మాకూ కావాలి. కానీ వాళ్ళ సమావేశంలో ఒక పెద్దాయన ‘పరిశోధన అంటే రెండేళ్ళలో రైతు చేతికి రావాలి’ అన్నప్పుడు, పందుల మెదళ్ళ నుంచి నా సిరంజి దాకా ఎన్నేళ్ళు పట్టిందో లెక్క చెప్పాలనిపించింది. మైకు ఇవ్వలేదు. ఇస్తే అడిగేదాన్ని, బొచ్చె మెదడు మీద పదేళ్ళు పనిచేస్తానని ఒక పిల్ల మన యూనివర్సిటీలో అర్జీ పెడితే ఎవరు సంతకం పెడతారని. సీసాకి పది రూపాయలు ఎక్కువ పెట్టి ఆ పదీ అలాంటి పిల్ల స్టైపెండ్‌కి వెళ్తుందంటే, నేను ఇస్తాను. బాబాయి చేత కూడా ఇప్పిస్తాను, అది నా పూచీ.

కొనేవాళ్ళకి చివరి మాట. ఏప్రిల్ చివర్లోనే కొని పెట్టుకోండి, జూన్‌లో వాన పడ్డ మర్నాడు అందరూ ఎగబడతారు, అప్పుడే నకిలీలు బయటికి వస్తాయి. గ్లాండులా దీన్ని ఆల్కహాల్‌లో దాచే బాధ లేదు గానీ, మన ఎండల్లో రేకుల షెడ్డులో మాత్రం పెట్టకండి, ఇంట్లో చల్లని నీడన ఉంచండి. మొదలుపెట్టిన సీసాని వచ్చే సీజన్‌కి దాచకండి, పక్క హేచరీ వాళ్ళకి లెక్క చూసి ఇచ్చెయ్యండి. శీలావతికి 5కి నాలుగున్నర, ఎర్రమోసుకి 5కి 5, బొచ్చెకి 3 ఇస్తాను. బిల్లు ఇవ్వనన్న దుకాణంలో మాత్రం ఎంత తగ్గించినా తీసుకోకండి.